మైకులో అన్న మాట

చల్లపల్లి,
6 ఫిబ్రవరి 2023

ఒరేయ్ స్టీఫెన్,

అక్క వందనాలు. ఇక్కడ నేనూ, నా పిల్లీ, నా మోకాళ్ళ నొప్పులూ అందరం క్షేమం. నువ్వు పంపిన చెవి మిషను పెట్టుకుంటే ఈలలు వేస్తోంది, తీసేస్తే ప్రాణం హాయిగా ఉంటోంది. అందుకని ఫోను చెయ్యమాకు. నువ్వు అరుస్తావు, నేను "ఆఁ?" అంటాను, ఇద్దరం కలిసి ఒక్క ముక్కా మాట్లాడుకోం. ముప్పై రెండేళ్ళు చర్చి బడిలో పిల్లల చేత దస్తూరీ రాయించినదాన్ని. నాకు ఉత్తరమే సుఖం. నీ కోడి గీతలు చదివి చాలా కాలమైంది, రాయి.

మా వెనక వీధి శౌరమ్మ నీకు తెలుసు, హైస్కూల్లో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండుతుంది. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది ఒక్క కూతురు. పేరు కీర్తన, ఇంటర్ మొదటి సంవత్సరం. మన చర్చిలో దాని గొంతు వింటే (అంటే ఇదివరకు నేను విన్నప్పుడు) ఎవరైనా తల తిప్పి చూడాల్సిందే. దానికి చిన్నప్పట్నుంచీ ఫిట్స్. మాత్రలు వేసుకుంటే రావు, కానీ వేసుకుంటే మత్తు. క్లాసులో నిద్రపోతోందని లెక్చరర్లు తిడుతున్నారంట. మొన్న శౌరమ్మ నా గుమ్మంలో కూర్చుని ఏడిచింది. "మా తమ్ముడి దగ్గరికి తీసుకెళ్ళవే. వాడు చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే..." అన్నాను. మిగతాది నేను చెప్పలేదు. ఆమే పూర్తి చేసుకుంది.

ఈ నెలాఖరు ఆదివారం వస్తారు. గుంపులో కలిపెయ్యకుండా కాస్త పక్కకి పిలిచి మాట్లాడు.

చల్లపల్లి బస్టాండులో నీ కూటాల ఫ్లెక్సీ కట్టారు. యేసయ్య పేరు కన్నా నీ మొహం పెద్దదిగా ఉంది. అట్టా వేయించుకోకూడదు నాన్నా. అయినా దాచడమెందుకు, బస్సు దిగిన ఇద్దరు ముగ్గురితో "వీడు మా తమ్ముడు, నేనే పెంచాను" అని చెప్పాను.

మీ అక్క,
మార్త

* * *

భవానీపురం, విజయవాడ,
27 ఫిబ్రవరి 2023

ప్రియమైన అక్కకి,

ప్రభువు నామంలో వందనాలు. నీ మనుషులు నిన్న వచ్చారు. మూడు ఆరాధనల తర్వాత కూడా వాళ్ళ కోసం ఆగాను. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టగానే నా ఒళ్ళంతా వణికింది అక్కా. నాకు లోపల స్పష్టంగా తెలిసింది, పని జరిగిపోయిందని. "అమ్మా, నీ కూతురు బాగుపడింది, ఇంటికెళ్ళు" అన్నాను. శౌరమ్మ నేల మీద పడి ఏడ్చింది.

నాదేమీ లేదు. నేను ఖాళీ కుండని. కానీ ఈ ఊళ్ళో ఇన్ని సంఘాలున్నాయి, ఇంతమంది కాపరులున్నారు. మచిలీపట్నం నుంచీ ఏలూరు నుంచీ బస్సులు కట్టించుకుని నా దగ్గరికే ఎందుకొస్తున్నారో నువ్వే ఆలోచించు. ఫ్లెక్సీ సంగతి కమిటీవాళ్ళు చూసుకుంటారు. నా మొహం చూస్తేనే జనం ఆగుతారని వాళ్ళ ఉద్దేశం. నాకు అలాంటివి పట్టవు.

ఈస్టరు ముందు గురువారం, యేసయ్య శిష్యులకి కడిగినట్టు, పన్నెండు మంది పేదల పాదాలు కడుగుతున్నాను. లైవ్ ఇస్తున్నాం, ఆ పనులన్నీ మీ మరదలు క్రిస్టినా చూస్తోంది. తప్పకుండా చూడు. చెవి మిషనుకి బ్యాటరీలు పంపుతున్నాను, పాతవి తీసెయ్.

నీ తమ్ముడు,
స్టీఫెన్

* * *

చల్లపల్లి,
12 ఏప్రిల్ 2023

స్టీఫెన్,

బ్యాటరీలు అందాయి. ఈల ఇంకా గట్టిగా వేస్తోంది.

నువ్వు పాదాలు కడగడం శౌరమ్మ ఫోన్లో చూశాను. మాట వినపడదు కాబట్టి నాకు బొమ్మ బాగా కనపడుతుంది. పన్నెండు మందీ ముందే శుభ్రంగా కడుక్కొచ్చిన కాళ్ళు. నువ్వు వంగిన ప్రతిసారీ ఆ తెల్ల తువ్వాలు సర్దుకుని కెమెరా వైపు చూశావు. అమ్మ పోయిన ఏడు నీకు కాళ్ళ నిండా గజ్జి పుండ్లు లేచాయి. ఆరేళ్ళవాడివి. వేపాకు నీళ్ళతో రోజూ కడిగేదాన్ని. అప్పుడు ఎవరూ చూడలేదు. ఆ పని గొప్పదని నాకూ తెలీదు.

ఇంతకీ ఈ ఉత్తరం దానికి కాదు. ఈస్టరు నాడు కీర్తన నీ స్టేజీ మీద సాక్ష్యం చెప్పింది. నాకు పెదాలు కదలడమే కనపడింది. పిల్ల తెల్ల వోణీలో ఎంత బాగుందో. ఏం చెప్పిందే అని శౌరమ్మని అడిగితే కాగితం మీద రాసి చూపించింది: "ఆరు వారాల నుంచి ఫిట్స్ లేవు, అయ్యగారు ప్రార్థన చేసిన రోజు నుంచి మాత్రలు మానేశాను."

నువ్వు మానమన్నావా? సూటిగా రాయి. అనకపోతే, వెంటనే ఆమెకి ఫోను చేసి మాత్రలు వెయ్యమని చెప్పు. నేను చెబితే వినడం లేదు. "టీచరమ్మా, మీరే కదా పంపారు" అంటోంది.

మార్త

* * *

భవానీపురం,
24 ఏప్రిల్ 2023

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. కెమెరా వైపు చూశానా? మనుషుల వైపు చూశాను, కెమెరా అక్కడుంది, అంతే. ఈ మాటలు నీవి కావని నాకు తెలుసు. మీ ఊరి చర్చి కాపరి నా మీద కడుపుమంటతో ఉన్నాడు. ఆయన నీ చెవిలో ఊదుతున్నాడు, అదొక్కటీ నీకు బాగానే వినపడుతున్నట్టుంది.

సూటిగా అడిగావు కాబట్టి సూటిగా చెబుతున్నాను. నేను మాత్రలు మానమనలేదు. ఎవరికీ ఎప్పుడూ అనను. దేవుడు సాక్షి. ఆ పిల్ల తనంతట తాను మానేసి, స్టేజీ ఎక్కి చెప్పింది. ఎనిమిది వేల మంది చప్పట్లు కొడుతుంటే, పిల్లని ఆపి "అలా కాదమ్మా" అనమంటావా? అక్కడున్న ప్రతివాడి విశ్వాసం కూలిపోదూ? ఆ వీడియో ఇప్పటికి మూడు లక్షల మంది చూశారు. ఎన్ని ఇళ్ళల్లో ఆశ పుట్టిందో నీకు తెలీదు.

ఫోను చెయ్యమన్నావు. చేసి ఏం చెప్పను? దేవుడు బాగుచేశాడన్న నోటితోనే, మళ్ళీ మందు వేసుకోమనా?

నువ్వు నన్ను పెంచావు, కాదనను. కానీ నేను ఇంకా పుండ్ల కాళ్ళ పిల్లాణ్ణి కాదు. దయచేసి ఇలాంటివి రాయొద్దు.

స్టీఫెన్

* * *

చల్లపల్లి,
22 జూన్ 2023

స్టీఫెన్,

నువ్వు రాయొద్దన్నావని రెండు నెలలు రాయలేదు. అదే నేను చేసిన తప్పు.

కీర్తన చచ్చిపోయింది. మంగళవారం పొద్దున బట్టలు ఉతకడానికి కాలవ రేవుకి వెళ్ళింది. ఈ నెలలోనే నీళ్ళు వదిలారు. రేవు దగ్గర మోకాలి లోతు కూడా లేవు. ఫిట్స్ వచ్చి ముందుకు పడింది. పక్క రేవులో ఆడవాళ్ళు ఉన్నారు, పిల్ల వంగి ఉతుకుతోంది అనుకున్నారంట. శౌరమ్మ బళ్ళో పప్పు కడుగుతుంటే వచ్చి చెప్పారు. ఆ గిన్నె చేత్తోనే పట్టుకుని రేవు దాకా పరిగెత్తింది.

నిన్న సమాధి చేశాం. క్రిస్టినాకి కబురు పంపించాను, అందిందని జవాబు కూడా వచ్చింది. నువ్వు రాలేదు. వర్షం పడి గుంటలోకి నీళ్ళు ఊరితే మీద కప్పిన మట్టి జారిపోతోంది. శౌరమ్మ చేతులతో ఎగదోస్తోంది. ఆమె నాలుగుసార్లు వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసింది. నీకోసమే.

"వాడు మానమనలేదే శౌరమ్మా" అన్నాను ఆమెతో. నా తమ్ముణ్ణి కాపాడుకోవాలని, ఆ పూట కూడా. ఆమె నా చెవి దగ్గర నోరు పెట్టి అంది: "అనలేదు టీచరమ్మా. పాప మైకులో మాత్రలు మానేశానని చెప్పినప్పుడు ఆయన హల్లెలూయ అన్నాడు. నేను అదే విన్నా."

నువ్వు రా. కారు వద్దు, మనుషులు వద్దు. ఆమె ముందు నేల మీద కూర్చుని తప్పయిపోయిందని చెప్పు. బోధ చెయ్యమాకు. దేవుడి చిత్తం అనమాకు. అంత మాత్రం కూడా చెయ్యలేకపోతే నీకు ఈ పని ఎందుకురా?

మార్త

* * *

భవానీపురం,
1 ఆగస్టు 2023

అక్కా,

ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. నీ చివరి మాట నన్ను కోసేసింది. నిజం ఇప్పుడు చెబుతున్నాను. సమాధి రోజు నేను వచ్చాను. కాలవ అవతలి గట్టు మీద కారు ఆపుకుని గంటసేపు కూర్చున్నాను. గొడుగుల కింద మీరందరూ కనపడ్డారు. శౌరమ్మ మట్టి తోయడం చూశాను. దిగుదామని తలుపు తీశాను కూడా. ఆ జనంలో ఎవరైనా నా చొక్కా పట్టుకుంటే? ఎవరైనా ఫోన్లో తీస్తే? నీ పక్కన మీ కాపరి నిలబడి ఉన్నాడు, ఆయన ముందు తల దించుకోవాలా అనిపించింది. తలుపు వేసుకుని వెనక్కి వచ్చేశాను. "నువ్వు రాలేదు" అని నువ్వు రాసినప్పుడు, వచ్చానని చెప్పుకోవడం కన్నా రాలేదనిపించుకోవడమే నయమనుకున్నాను.

నలభై రోజులు నిద్ర లేదు. మొన్న ఆదివారం లొంగిపోయాను. కోటు తీసేసి, వేదిక మీద మోకాళ్ళూని, అందరి ముందూ ఒప్పుకున్నాను. "కీర్తన మాత్రలు మానేసిందని తెలిసి కూడా నేను ఆపలేదు. నాకు వచ్చే పేరు చూసుకున్నాను. నేను గర్విష్టిని, పాపిని" అన్నాను. ఏడ్చాను అక్కా, నిజంగా ఏడ్చాను. మందిరమంతా ఏడ్చింది. పెద్దలు వచ్చి నన్ను లేపి కౌగిలించుకున్నారు. "అయ్యగారూ, ఇంత అణకువ, ఇంత తగ్గింపు మేం ఎక్కడా చూడలేదు" అన్నారు. ఆ వీడియో పాతదానికన్నా ఎక్కువమంది చూస్తున్నారంట.

నువ్వు కోరుకున్నది ఇదే కదా. ఒక్క ముక్క రాయి. నా గుండె తేలికవుతుంది.

నీ తమ్ముడు,
స్టీఫెన్

* * *

చల్లపల్లి,
11 ఆగస్టు 2023

నాన్నా స్టీఫెన్,

ఇక్కడ నాట్లు అయిపోయాయి. పిల్లి ఎటో వెళ్ళిపోయింది. ఏదో ఒకటి రాస్తే గానీ అసలు సంగతిలోకి చెయ్యి పోవడం లేదు.

ఒక్క మనిషి ముందు కూర్చోమన్నాను. నువ్వు ఎనిమిది వేల మంది ముందు మోకరించావు. ఆ ఎనిమిది వేల మందిలో ఆమె లేదు. ఎవరో కుర్రాళ్ళు బడి దగ్గర ఆమెకి చూపించారంట. వీడియో మొదట్లో కీర్తన ఫోటో, పక్కన నువ్వు కన్నీళ్ళతో. "మా పాపని మళ్ళీ స్టేజీ ఎక్కించాడు" అంది. అంతే. ఆ రోజు నుంచి చర్చికి రావడం మానేసింది.

నువ్వు కాలవ అవతల దాకా వచ్చావని చదివాక నిన్ను తిట్టే హక్కు నాకుందా అని ఆలోచించాను. నేనూ గట్టు దిగనిదాన్నే. నలభై ఏళ్ళుగా మా తమ్ముడు, మా తమ్ముడు అని చెప్పుకుని బతికాను. చెవులు పోయాక ఊళ్ళో నన్నెవరు పలకరిస్తారు? నీ పేరు చెబితే పలకరించేవాళ్ళు. శౌరమ్మని నీ దగ్గరికి పంపింది పిల్ల మీద జాలితో అనుకున్నాను. నా తమ్ముడు ఎంతటివాడో ఆమె చూడాలని కూడా పంపాను. మందు ఆపారని తెలిసి, నువ్వు కోప్పడ్డావని రెండు నెలలు నోరు మూసుకున్నాను. నీ తగ్గింపుని వెక్కిరించినదాన్ని, నా తగ్గింపు ఏపాటిదో చూడు.

నిన్న ఆమె ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. వింది. బియ్యం ఏరుకుంటూనే ఉంది. "మీరు పంపారు, ఆయన హల్లెలూయ అన్నాడు, నేను నమ్మా. ఇప్పుడు ఎవరి మీద కోప్పడమంటారు టీచరమ్మా?" అంది. లేచి వస్తుంటే, "అయ్యగారిని ఇప్పుడు రావద్దని చెప్పండి" అని నా చేతిలో వేలితో రాసింది, నేను వినలేదేమోనని.

కాబట్టి రావద్దు. నేను ముందు రమ్మన్నప్పుడు నువ్వు వచ్చి ఉండాల్సింది.

మీ అక్క,
మార్త

* * *

భవానీపురం,
6 నవంబరు 2023

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే రెండు వీడియోలూ తీయించేశాను. క్రిస్టినా వద్దంది, పోట్లాడి తీయించాను. కానీ అవి అప్పటికే ఎవరెవరి దగ్గరికో వెళ్ళిపోయాయి. ఊరూ పేరూ లేని చానళ్ళలో కీర్తన ఇంకా సాక్ష్యం చెబుతూనే ఉంది. కింద ఆమెన్ అని రాస్తూనే ఉన్నారు.

పోయిన సోమవారం ఒక ఫోను వచ్చింది. "అయ్యగారూ వందనాలండీ, కొండపల్లి నుంచి నాగవేణినండీ. మా పాప మనోజ్ఞకి ఎనిమిదేళ్ళు, ఫిట్స్ వస్తాయి. మీ వీడియో చూసి వారం నుంచి మాత్రలు ఆపేశామండీ. మీరు ఒక్కసారి ప్రార్థన చేస్తే..." ఆపొద్దమ్మా, ఇప్పుడే వెయ్యి అని అరిచాను. ఆమె నవ్వింది. "నా విశ్వాసాన్ని పరీక్షిస్తున్నారు, నాకు తెలుసండీ" అని పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు.

బస్సెక్కి కొండపల్లి వెళ్ళాను. బొమ్మలు చేసేవాళ్ళ వీధుల్లో ఇంటింటికీ అడిగితే సాయంత్రానికి దొరికింది. భర్త బొమ్మలకి రంగులు వేస్తాడు. పిల్ల అరుగు మీద కూర్చుని పలక మీద ఏదో గీస్తోంది. నేను జరిగిందంతా చెప్పాను. ఆ పిల్ల చచ్చిపోయిందమ్మా, తప్పు నాది అని చెప్పాను. నాగవేణి చేతులు జోడించింది. "మీరు మోకరించిన వీడియో కూడా చూశామండీ. అంత పెద్దవారు, తగ్గించుకుని తప్పు మీ మీద వేసుకున్నారు. మీ తప్పేముందండీ? ఆ పిల్లకి విశ్వాసం చాల్లేదు."

అక్కా, నేను ఎంత బతిమాలితే ఆమెకి అంత గొప్పవాణ్ణిగా కనపడుతున్నాను. నా నోట్లో నిజం కూడా పనికిరాకుండా పోయింది. ఆ రోజు వెనక్కి వచ్చేశాను.

ఆమె నమ్మే మనిషి ఒక్కరే ఉన్నారు. మర్నాడు చల్లపల్లి వచ్చాను. నీ ఇంటి ముందు నుంచే వెళ్ళాను, లోపలికి రాలేదు. వస్తే నీ వెనక దాక్కునేవాణ్ణి. బడి వంటపాక దగ్గర శౌరమ్మ గంజి వారుస్తోంది. రావద్దందని తెలుసు. గుమ్మం బయటే నిలబడి చెప్పాను, "కొండపల్లిలో ఇంకో పిల్ల ఉంది శౌరమ్మా. నేను చెబితే వినడం లేదు." ఆమె నా మొహం చూడలేదు. గంజి వార్చడం పూర్తి చేసింది. పిల్లలందరికీ వడ్డించింది. చెయ్యి కడుక్కుని, "ఏ బస్సు?" అంది.

కొండపల్లిలో నాగవేణికి ఆమె ఎవరో నేను చెప్పేలోపే నాగవేణి మళ్ళీ ఆ మాటే అంది, ఆ పిల్లకి విశ్వాసం చాల్లేదని. శౌరమ్మ అరుగు మీద మనోజ్ఞ పక్కన కూర్చుంది.

"ఆ పిల్ల నా కూతురమ్మా. దానికి విశ్వాసం చాల్లేదంటావా? ఈస్టరు అయిన పది రోజులకి దానికి ఒకసారి చెయ్యి దానంతటదే కొట్టుకుంది. భయమేసి, మాత్ర వేసుకుంటానే అమ్మా అని ఏడ్చింది. అంతమంది ముందు చెప్పొచ్చావు, అయ్యగారు మైకులో హల్లెలూయ అన్నారు, మళ్ళీ మాత్రలేంటే, పరువు పోదూ అని కసిరాను. డబ్బా తీసుకెళ్ళి కాలవలో పారేసింది నేనే. అదే కాలవ."

ఈ సంగతి నాకు తెలీదు అక్కా. నీకు కూడా తెలీదనుకుంటాను.

నాగవేణి లోపలికెళ్ళి, బియ్యం డబ్బా వెనక నుంచి మాత్రలు తెచ్చింది. మనోజ్ఞ మొహం చేదుగా పెట్టి మింగింది. శౌరమ్మ ఆ పిల్ల గొంతు వైపే చూస్తూ ఉంది, మాత్ర దిగేదాకా.

అప్పుడు నాగవేణి వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. "మా కోసం ఇంత దూరం రెండుసార్లు వచ్చారు, మీలాంటి మనిషి ఉంటారాండీ" అంది. నిజం రాస్తున్నాను. ఒక్క క్షణం నాకు బాగా అనిపించింది. లోపల ఏదో సర్దుకుని కూర్చుంది, తువ్వాలు సర్దుకున్నట్టు. తల ఎత్తితే శౌరమ్మ నన్నే చూస్తోంది. ఆమెకి కనపడిపోయింది.

తిరుగు బస్సులో ఆమె ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది. విజయవాడ బస్టాండులో చల్లపల్లి బస్సు కోసం నిలబడ్డప్పుడు, "శౌరమ్మా" అన్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అడగమాకండయ్యా. మీరు అడిగితే నేను క్షమించానని చెప్పాలి. చిన్నప్పట్నుంచీ అట్టాగే నేర్పారు మాకు. అది నా లోపల లేదు. లేకుండా చెబితే అబద్ధమవుద్ది. పాప పోయింది, ఆ అబద్ధం కూడా నా చేత ఎందుకు చెప్పిస్తారు?"

నేను అడగలేదు. బస్సు వచ్చింది, ఎక్కింది.

నిన్న ఆదివారం నేను మందిరానికి వెళ్ళలేదు. వచ్చే ఆదివారం నుంచి ఆ పని వేరేవాళ్ళు చూసుకుంటారని చెప్పేశాను. పెద్దలు నా ఇంటికొచ్చి, ఇదెంత గొప్ప త్యాగమో చెబుతున్నారు. తలుపు వేసుకున్నాను.

గదిలో ఒక్కణ్ణే మోకరిస్తాను. మోకరించిన నన్ను చూసి నాలో ఎవడో మెచ్చుకుంటాడు. లేస్తాను. మళ్ళీ మోకరిస్తాను. వాడు మళ్ళీ వస్తాడు. వాణ్ణి పంపించమని అడగడానికి కూడా మాటలు వెతికి, మంచివి ఏరుకుంటున్నాను. ఇన్నేళ్ళు వేల మంది కోసం ప్రార్థన చేసినవాణ్ణి, నాకిప్పుడు ఒక్క మాట రావడం లేదు.

నువ్వు నా కోసం ప్రార్థన చెయ్యొద్దు. శౌరమ్మ ఇంటికి వెళ్ళు. ఏమీ చెప్పకు, నా పేరు ఎత్తకు. పొయ్యి వెలిగిందో లేదో చూడు. వెలగకపోతే నువ్వు వండి పెట్టు. ఆమె తింటే, తిన్నదని మాత్రం నాకు రాయి.

స్టీఫెన్